శనివారం వస్తే తేలిపోతుంది

మా పెద్దమ్మకు బిగ్ బాస్ అంటే పరమ అసహ్యం. ఆ మాట ఆవిడే చెప్పింది, టీవీ మీంచి చూపు తిప్పకుండా. "ఛీ, సిగ్గూ శరం లేని మనుషులురా. కాస్త పక్కకి జరుగు, కనపడ్డం లేదు."

2017లో మొదటి సీజన్‌ని హోస్ట్ జూనియర్ ఎన్టీఆర్ కోసం చూశానంది. మరుసటేడు నాని కోసమంది. 2019లో నాగార్జున వచ్చాక ఇక సాకు అవసరం పడలేదు. మొదటి బిగ్ బాస్ ఇల్లు లోనావాలాలో వేశారనీ, తర్వాత హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోకి మార్చారనీ ఆవిడకి తెలుసు. నేను హైదరాబాద్‌లో ఏ పేటలో ఉంటున్నానో మాత్రం ఇప్పటికీ తెలీదు. కరెంటు బిల్లు ఫోన్లో కట్టడం నేర్చుకోవే అంటే చత్వారం అంటుంది. జియోహాట్‌స్టార్‌లో ఓటెయ్యడానికి ఆ చత్వారం అడ్డురాదు.

సోమవారం బిగ్ బాస్ ఇంట్లో ఎవర్ని బయటికి పంపాలో చెప్పుకునే నామినేషన్లయితే కాకినాడలో మా పెద్దమ్మ ఇంట్లోనూ అవుతాయి. పనిమనిషి ఆలస్యంగా వస్తే నామినేషను. కోడలు కూరలో కారం తగ్గిస్తే నామినేషను. అత్తాకోడళ్ల వాదన మధ్య పేపరు చదువుకుంటున్న పెదనాన్నని పట్టుకుని, "మీరు సేఫ్ గేమ్ ఆడుతున్నారండీ" అని తేల్చేసింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఆడుతున్నది అదే. పాపం, దానికో పేరుందని ఇప్పుడే తెలిసింది.

మనసు మెత్తనిదే, కాదనను. నాలుగో సీజన్‌లో కంటెస్టెంటుగా వెళ్లిన లంబాడిపల్లి గంగవ్వ ఒంట్లో బాగోలేక ఇంటికి పంపెయ్యమని ఏడుస్తుంటే, ఈవిడ అన్నం తినలేదు. గంగవ్వకి సొంతిల్లు కట్టుకోవడానికి నాగార్జున సాయం చేశాడని తెలిసిన రోజు మాత్రం వీధంతా బొబ్బట్లు పంచింది.

అసలు పండగ శనివారం. వారమంతా "నేనలా అనలేదు", "నువ్వే అన్నావు" అని కొట్టుకున్నవాళ్లని నాగార్జున నిలబెట్టి, వీడియో వేసి చూపిస్తాడు. అన్నవాడి తల వంగుతుంది. అప్పుడు చూడాలి మా పెద్దమ్మ మొహం! సొంత కేసు గెలిచినట్టే.

ఆవిడ కేసులు చాలా పెండింగులో ఉన్నాయి మరి. పెళ్లిచూపుల్లో ఆడపడుచు ఏమందో, మావగారు పొలం పంచినప్పుడు ఎవరికి ఏం మాటిచ్చారో, అన్నీ కంఠతా వచ్చు. సాక్షులు సగం మంది పోయారు, మిగిలినవాళ్లు సేఫ్ గేమ్. తీర్పు చెప్పేవాడొకడు, చూపించడానికి ఒక వీడియో, ఇంతే ఆవిడకి కావలసింది. దానితో పాటు, బిగ్ బాస్ గొంతు ఒక్కొక్కర్నీ పిలిచి మాట్లాడే ఆ కన్ఫెషన్ రూమ్ కుర్చీ కూడా ఇప్పిస్తే మరీ మంచిది. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి, చెప్పేది మధ్యలో ఆపకుండా వినే గొంతు పెద్దమ్మ ఇంట్లో లేదు. పెదనాన్నకి వినపడదు. వినపడినా పేపరు ఉంది.

హౌస్‌లో అందర్నీ ఫ్రీజ్ చేసి, కంటెస్టెంట్ల అమ్మల్ని లోపలికి పంపే వారం ఈవిడ పైట చెంగు పిండుకోవాల్సిందే. అదే డల్లాస్ నుంచి సొంత కొడుకు గుమ్మంలోకొస్తే, "చెప్పులు బయట విప్పు" అంది. రాత్రి భోజనాల దగ్గర వాడికి తప్పు విడమరచింది కూడా: "ఫ్లైట్ నంబరుతో సహా చెప్పి వస్తే ఏం బాగుంటుందిరా? చెప్పకుండా వస్తే నేను కూడా ఫ్రీజ్ అయ్యేదాన్ని."

ఇక నా కేసు. వాళ్లమ్మాయి పెళ్లిలో పులిహోర చద్దన్నంలా ఉందని నేనన్నానట. అనలేదు మొర్రో అంటే వినదు. అన్నది ఎవరో నాకు తెలుసు, ఆయన ఆవిడ సొంత తమ్ముడే. చెబితే చాడీ అవుతుంది. మొన్న నేనే పట్టుబట్టి పెళ్లి వీడియో పెట్టించాను. భోజనాల బంతి వచ్చింది, నేనున్నాను, పులిహోర ఉంది, నా నోరు ఆడుతోంది. మాట మాత్రం లేదు, వెనకాల సన్నాయి మోగుతోంది. "చూశావా, కదులుతోంది పెదవి!" అంది పెద్దమ్మ.

పెళ్లిళ్లకి వీడియోలు తీసే బాబులకి నాదొకటే మనవి. తాళి కట్టేటప్పుడు ఏ పాట వేసుకుంటారో మీ ఇష్టం. భోజనాల దగ్గర మాత్రం మాటలు ఉంచెయ్యండి నాయనా.