ఒత్తిడి లేని బడికి ఎంట్రన్సు

తార్నాక చుట్టుపక్కల ఒత్తిడి లేని బడికి కరువేమీ లేదు. ప్రతి ఫ్లెక్సీ మీదా ఆ మాటే ఉంటుంది. దాని కిందే, ఇంకాస్త లావు అక్షరాల్లో, ‘ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్’ అనీ ఉంటుంది. ఒత్తిడి లేదన్నది పిల్ల కోసం, ఫౌండేషన్ నాన్న కోసం.

ఉస్మానియా క్వార్టర్స్‌లో ఒక ఆచార్యులవారున్నారు. ఎవరని అడక్కండి, ప్రతి లైన్లోనూ ఒకరుంటారు. ఇన్నాళ్లూ కూతుర్ని ఇంట్లోనే చదివించి, పదకొండేళ్లు నిండగానే బడి వేటలో పడ్డారు. పొద్దున వాకింగ్‌లో తోటి ఆచార్యులు ఆరా తీశారు: ‘నైనా జైస్వాల్ లాగానా? ఎనిమిదేళ్లకే పది పాసైంది కదా!’ కాదండీ, మా పిల్ల గిజిగాడి గూళ్లు చూస్తుంటుంది అన్నారాయన. ‘అయ్యో’ అన్నారు వాళ్లు. ఇంటి చదువంటే మన దగ్గర రెండే రకాలు: పత్రికలో ఫొటో పడేది, బంధువుల దగ్గర దాచిపెట్టేది.

ఆ పిల్ల ‘రైలుబడి’ పుస్తకం చదివింది. పాత రైలుపెట్టెల్లో నడిచిన ఆ జపాన్ బడి లాంటిదే కావాలంటుంది. లాలాగూడలో వర్క్‌షాపు, మౌలాలీలో లోకోషెడ్డు ఉన్న ఊళ్లో పెట్టెలకేం తక్కువ!

ఇక అడ్మిషన్ కౌంటరు.

‘ఇంతకు ముందు ఏ స్కూల్ సార్?’

‘ఇంట్లోనే చదువుకుందండీ.’

‘ఇంట్లో ఏ సిలబస్? స్టేటా, సీబీఎస్ఈయా?’

‘అట్లా ఏం లేదు...’

‘టీసీ?’

‘ఎవరివ్వాలండీ? వాళ్లమ్మా?’

‘పోనీ పెన్ నంబర్, అదే పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబర్, చెప్పండి. అది లేకుంటే సిస్టమ్ తీస్కోదు.’

పిల్ల తన పెన్ను తీసి బల్ల మీద పెట్టింది. నవ్వుకి సిస్టమ్‌లో కాలమ్ లేదు.

తర్వాత ‘చిన్న టెస్టే సార్, జస్ట్ లెవెల్ చూడ్డానికి’ అన్నారు. గిజిగాడు ఎక్కువగా చెట్టుకి తూర్పు వైపే ఎందుకు గూడు కడుతుందో, నైరుతి గాలీవానల సంగతేమిటో బొమ్మలేసి చెప్పగల పిల్ల, కిరణజన్య సంయోగక్రియ నిర్వచనంలో ఒక ఖాళీ వదిలేసింది. ‘బేసిక్స్ వీక్ సార్, అయిదులో వేద్దాం’ అన్నారు.

నిజానికి పార్లమెంటు ఒత్తిడి లేని మెత్తని బడి ఒకటి ఎప్పుడో కట్టింది, కాగితం మీద. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అసలు బడి ముఖమే చూడని పిల్లనైనా వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడితే ప్రత్యేకంగా చదువు చెప్పాలి అంటుంది నాలుగో సెక్షన్. పిల్లని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడమూ నిషేధమే అంటుంది పదిహేడు. వడపోత పరీక్షలే కూడదంటుంది పదమూడు. తప్పితే మొదటిసారి 25,000 రూపాయల వరకు, ఆపైన ప్రతిసారీ 50,000 వరకు జరిమానా. (మైనారిటీ సంస్థల బళ్లకి 2014 సుప్రీంకోర్టు తీర్పు మినహాయింపు ఇచ్చింది, వాళ్లనలా ఉంచుదాం.) అడ్మిషన్ ఫీజు రసీదు పక్కన పెట్టి చూస్తే అది జరిమానా కాదు, టిప్పు. అదీ ఎవరైనా వసూలు చేస్తే. గ్రౌండ్‌లో తెలుగు మాట్లాడిన పిల్ల దగ్గర ఫైను మాత్రం సాయంత్రం బెల్లు కొట్టేలోపు వసూలైపోతుంది. 1918లో మొదలై, ఉర్దూలోనే డిగ్రీ చదువులు చెప్పొచ్చని దేశానికి చూపించిన ఉస్మానియా యూనివర్సిటీ గోడ పక్కన జరిగే ముచ్చట ఇది!

ఆచార్యులవారికి ఈ సెక్షన్లు తెలియవా? నంబర్లతో సహా తెలుసు, పరీక్షలో ప్రశ్నగా ఇస్తారు. అయినా కౌంటర్ దగ్గర నోరు పెగల్లేదు. ఎదురడిగితే సీటు పోతుందని భయం. పిల్లకి ఒత్తిడి వద్దన్న పెద్దమనిషి చొక్కా అక్కడే తడిసిపోయింది.

టెస్టు పెట్టకుండా, టీసీ కోసం పీడించకుండా, వయసు చూసి ఆరులో చేర్చుకోవాల్సిన బడి ఆయనకి నడిచివెళ్లేంత దూరంలోనే ఉంది. సర్కారు బడి. అక్కడ స్వర్గం ఏమీ లేదు. సార్లు చాలరు, బాత్రూమ్ సంగతి అడగొద్దు. కానీ ఆచార్యులవారి అభ్యంతరం బాత్రూమ్ కాదు. ‘అక్కడ ఎన్విరాన్‌మెంట్ బాగుండదండీ’ అన్నారు గొంతు తగ్గించి. ఎన్విరాన్‌మెంట్ అంటే చెట్లూ గాలీ అనుకునేరు. వాళ్లింట్లో అంట్లు తోమే ఆమె కొడుకు ఆ బళ్లోనే ఆరో తరగతి.

అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే ఇరుగుపొరుగు బడికి వెళ్లాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది. మన ఆచార్యులవారి పీహెచ్‌డీ దానిమీదే. ఆయనకి కావాల్సిన మెత్తని బడి ఎలాంటిదో ఇప్పుడు తెలిసిందిగా: లోపల పరుపు, గేటు దగ్గర జల్లెడ. జల్లెడ తన పిల్లనే పట్టుకుంటుందని మాత్రం ఊహించలేదు పాపం.

చివరికి అయిదో తరగతికే ఒప్పుకుని మొదటి టర్ము ఫీజు కట్టేశారు. వచ్చే నెల సెమినార్లో ‘ఒత్తిడి లేని విద్య’ మీద ఆయన పేపరు ఉంది. కూతుర్ని కూడా తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడదామనుకున్నారు గానీ కుదరదట, ఆ రోజు పిల్లకి వీక్లీ టెస్టు.