రాజీనామాకి లామినేషన్

"కేరేజీ కట్టమంటారా?"

రోజూ పొద్దున్న అయిదున్నరకి మా మావయ్యగారింట్లో వినిపించే ప్రశ్న ఇది. మధ్య గోడ ఒక్కటే కాబట్టి మాకూ వినిపిస్తుంది. మిగతా ఇళ్లలో ఎవరూ అడగరు, కట్టేస్తారు. అత్తయ్య మాత్రం అడగాలి. ఎందుకంటే ముందురోజు రాత్రి మావయ్య ఉద్యోగం మానేసి పడుకుని ఉంటారు.

మావయ్యంటే ఊరి వరసే. పార్వతీపురం నుంచి వచ్చి ఒడిశాలోని మునిగుడలో పాతుకుపోయిన మనిషి. కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు. ఏ ఫ్యాక్టరీ అని అడక్కండి. ఈ చుట్టుపట్ల లాంజిగఢ్‌లో అల్యూమినా ఉంది, తేరువలిలో ఫెర్రో అల్లాయ్స్ ఉంది, జేకేపూర్‌లో కాయితం మిల్లు ఉంది. మావయ్యలు అన్నిచోట్లా ఉన్నారు. నెత్తిన ఒకరి హెల్మెట్టు, పేస్లిప్పు మీద ఇంకొకరి పేరు. టెండరు మారిందంటే పేస్లిప్పూ మారుతుంది, గేట్ పాసూ మారుతుంది. మనిషి మాత్రం ఆ మనిషే. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి కదా, పద్నాలుగేళ్లుగా అదే గేటులోంచి వెళ్తున్నా, వాళ్ల లెక్కలో మావయ్యకి ఒక్కసారీ అయిదు నిండలేదు.

అందుకని కేరేజీ సంచిలో రాజీనామా పెట్టుకుని తిరుగుతారు. మొదటి కాపీ మీద పులుసు ఒలికింది. రెండోది మడతల దగ్గర చిరిగింది. మూడోదానికి లామినేషన్ చేయించారు. తేదీ చోటు ఖాళీ. "మార్కరుతో రాసుకోవచ్చు అల్లుడూ. అవసరమైతే తుడుచుకోవచ్చు" అన్నారు. ఈ రెండో వాక్యంలోనే ఉంది మనిషంతా.

సాయంత్రం స్టేషన్‌కి వెళ్లి కూర్చుంటారు. కనిపించినవాడినల్లా సలహా అడుగుతారు. టీ కొట్టువాడిని అడిగారు, మంగలిని అడిగారు, ఏదో ఎక్స్‌ప్రెస్ ఆగిన కాసేపట్లో కిటికీలోంచి చెయ్యి బయటపెట్టిన పెద్దమనిషినీ అడిగారు. బుధవారం చాటికొన సంతలో అనాసపళ్లు బేరమాడుతూ అడగబోతే, నియమగిరి కొండ దిగి వచ్చిన ఆ డోంగ్రియా ఆవిడ ముందు పళ్ల డబ్బులిమ్మంది.

ఎవరేం చెప్పినా చిక్కే. "మానీండి మావయ్యా" అన్నామనుకోండి, "గుంటడి ఫీజు నువ్వు కడతావేటి? విశాఖ ఉక్కుని అమ్మేస్తామని 2021 జనవరిలో చెప్పిన్నాటి నుంచి అక్కడ పర్మినెంటోళ్లకే నిద్దర్లేదు. నన్నెవడు రమ్మంటాడు?" పోనీ ఉండిపొమ్మంటే, "పద్నాలుగేళ్లుగా పనిచేసి కూడా కొత్తగా చేరినోడిలా సంతకం పెట్టాలేటి? మనిషికి మానం అక్కర్లేదా?" అని లేస్తారు. మానేస్తానని చెప్పడం తెలుగులోనే. వాయిదా వెయ్యడం మాత్రం ఒడియాలో: "దేఖిబా." చూద్దాం అని. ఇన్నేళ్లలో ఈ ఊరు ఆయనకి నేర్పిన మాటల్లో ఎక్కువ అరిగింది ఇదే.

నవ్వుతాం గానీ, ఆ భయం ఉత్తినే పుట్టలేదు. 2012 డిసెంబరులో బాక్సైట్ దొరక్క లాంజిగఢ్ రిఫైనరీ ఆగిపోయింది. మళ్లీ తెరుచుకునేసరికి మరుసటేడు జూలై. ఫ్యాక్టరీ అంత పెద్దదైనా మూత పడుతుందని మావయ్య అప్పుడే చూశారు. ఆ 2013లోనే, ఆ బాక్సైట్ కోసం నియమగిరిని తవ్వే సంగతి గ్రామసభల ముందు పెట్టమని ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. జూలై, ఆగస్టుల్లో 12 పల్లెలు సభలు పెట్టుకున్నాయి. పన్నెండూ వద్దన్నాయి.

ఒకసారి ఉండబట్టలేక అనేశాను: "పన్నెండూళ్లు నెల్రోజుల్లో కొండ సంగతి తేల్చేశాయి మావయ్యా, మీరు ఒక్క కాయితం సంగతి తేల్చలేరా?"

టీ గ్లాసు కింద పెట్టి, "ఆళ్లకి కొండుంది అల్లుడూ. నాకేటుంది?" అన్నారు. ఆ పూట టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అలాంటి మావయ్య మొన్న ఏప్రిల్ మొదటి వారంలో నిజంగానే తెగించారు. మార్కరుతో తేదీ వేశారు. ఆఫీసులో ఇస్తే, "మీరు మా మనిషి కాదండీ, మీ కాంట్రాక్టరుకివ్వండి" అన్నారు. కాంట్రాక్టరు, "నా టెండరు మార్చి 31తో సరి. మీరిప్పుడు నా దగ్గర లేరు" అన్నాడు. కొత్త కాంట్రాక్టరు గుమస్తా కాయితాన్ని అటూ ఇటూ తిప్పి, ప్లాస్టిక్‌ని గోటితో గీకి చూసి, "మీరింకా చేరనే లేదు కదా, ఎలా మానేస్తారు? ముందు జాయినవండి" అన్నాడు.

మావయ్యకిది సబబుగానే తోచింది. ఆధార్ జిరాక్సు, పాస్‌బుక్కు, రెండు ఫొటోలు, మెడికల్. మూడో రోజుకల్లా కొత్త పాసు మెళ్లో పడింది. అందులో ఫొటో బాగా వచ్చింది, నవ్వుతున్నారు కూడా.

లామినేషన్ మీది తేదీని అత్తయ్య కొబ్బరినూనె గుడ్డతో తుడిచింది. నాలుగు రోజులపాటు పొద్దున్నే గోడ అవతల కేరేజీ మూతల చప్పుడే తప్ప మాట వినపడలేదు. అయిదో రోజు నుంచి మళ్లీ అడుగుతోంది.