ఏ పద్దు కింద తడిశారు?

మా వేటపాలెం గజం కూడా కదలకుండా మూడు జిల్లాలు తిరిగింది. తాతల నాడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాకు పంపారు, తర్వాత దాని పేరే ప్రకాశం అయింది. 2022లో బాపట్లకు అప్పగించారు. ఇన్ని చేతులు మారినా ఇంటిపన్ను నోటీసు ఒక్కసారీ దారి తప్పలేదు. దారి తప్పేదల్లా సాయమే.

ఆ సంగతి తుపాను రాత్రుల్లో బాగా తెలుస్తుంది. మాది నేతగాళ్ల ఊరు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చునే చోటే ముందు నీళ్లూరతాయి. అలాంటి ఒక రాత్రి ఇళ్లు వదిలి బడికి చేరిన వాళ్లలో ఒక పెద్దాయన పడుగును ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. బియ్యం ఇంకా రాలేదు. కుర్ర ఉద్యోగి పాపం, ఫోను చెవికంటించుకుని వరండాలో తిరుగుతున్నాడు.

“పైనుంచి ఆర్డరు రావాలి మామ్మా!”

“వానా పైనుంచే వచ్చింది గదా నాయనా, దానికి ఆర్డరెవరిచ్చారు?”

కుర్రాడి తప్పేం లేదు. మామ్మే రాజ్యాంగం చదువుకోకుండా ఇల్లు ముంచుకుంది. ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి: కేంద్రానిది, రాష్ట్రాలది, ఉమ్మడిది. ఉమ్మడి జాబితా 27వ అంశం అచ్చంగా నిర్వాసితుల సహాయ పునరావాసాల గురించే. కాకపోతే చిన్న షరతు. భారత్, పాకిస్తాన్ ఏర్పడినందువల్ల ఇల్లు వదిలినవాళ్లయి ఉండాలి. సముద్రం తరిమినవాళ్ల ఊసు లేదు. విపత్తు అన్న అంశమే మూడు జాబితాల్లోనూ కనిపించదు. మామ్మ ఆ రోజుల్లో ఏ లాహోరు నుంచో వచ్చి ఉంటే పద్దు సిద్ధంగా ఉండేది. ఖర్మ కొద్దీ పక్క వీధి నుంచి వచ్చింది.

పద్దు లేకపోతేనేం, పాళ్లున్నాయి. విపత్తు సహాయ నిధిలో మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25. బాగానే ఉంది. గొడుగు గుడ్డలో మూడు పాళ్లు ఢిల్లీవి, ఒక పాలు రాష్ట్రానిది. ఈదురుగాలిలో కాడ పట్టుకునేది మాత్రం ఊరు. గొడుగు విప్పీ విప్పకముందే దాని మీద ఎవరి బొమ్మ వెయ్యాలన్న తగవు. చిరిగిన చోట మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ల పాలే.

గుత్తికోయ ఆదివాసులకు ఈ గొడుగు నీడ కూడా పడలేదు. 2005 తర్వాత సల్వాజుడుం సాయుధ దండుకీ మావోయిస్టులకీ మధ్య నలిగి, ఛత్తీస్‌గఢ్ నుంచి గోదావరి అడవులకు పారిపోయి వచ్చారు. వదిలొచ్చిన రాష్ట్రానికి వాళ్లు వెళ్లిపోయినవాళ్లు, చేరిన రాష్ట్రానికి బయటివాళ్లు. దాటింది రాష్ట్రం ఎల్లే గాని దేశం ఎల్ల కాదు గనుక శరణార్థులూ కారు. వాళ్లను ఠక్కున గుర్తుపట్టింది అటవీ శాఖ ఒక్కటే, గుడిసెలు పీకడానికి.

బాధ్యతను ముక్కలు చేసి చేతులు దులుపుకునే ఈ విద్య కొత్తదేం కాదు. మా పక్కనున్న చీరాల, పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నుల మోత మోగిస్తే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట 13 వేల మందికి పైగా ఊరు ఖాళీ చేశారు. పొలిమేర అవతల పాకలేసుకుని దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. అప్పుడూ ప్రభుత్వం రెండు ముక్కలే. 1919 చట్టం స్థానిక పాలనను మంత్రి చేతిలో పెట్టి, పోలీసులను గవర్నరు దగ్గరే ఉంచింది. పన్ను అడగడానికి ఒక చెయ్యి, బేడీలు వెయ్యడానికి ఇంకో చెయ్యి. నీడ పట్టే చెయ్యి మాత్రం చట్టం రాసినవాళ్లకు గుర్తు రాలేదు. సుమారు 11 నెలలు ఆ జనం ఎండకు ఎండి, వానకు తడిశారు. గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండు అనే స్వచ్ఛంద దళం కాపలా కాసింది.

అలాగని జనమే చూసుకోవాలి అనడం లేదు. ఆ మాటంటే మూడు ప్రభుత్వాలూ మొదటిసారి ఏకగ్రీవంగా చప్పట్లు కొడతాయి. నేననేది ఒక్కటే: పన్నుకు మా గడప ముందుగా ఎక్కేది ఎవరో, నీళ్లొచ్చిననాడు ముందుగా బడి తలుపు తియ్యాల్సిందీ వాళ్లే. అందుకు కావలసిన పైకం వాన రాకముందే పంచాయతీ చేతిలో ఉండాలి. అన్నం ఉడికాక 75, 25 తీరిగ్గా తేల్చుకోండి. తడిసిన ఫైలును ఎండబెట్టుకోవచ్చు. గంజి పెట్టిన పడుగు సంగతి అలా కాదు.

ఇంతకీ ఆ రాత్రి బియ్యం వచ్చాయి. వీధి చివరి కొట్టాయన పంపాడు. కేంద్రమా, రాష్ట్రమా, ఉమ్మడా అని అడగకుండా అరువు పుస్తకంలో ‘బడి’ అని ఒక పద్దు రాసుకున్నాడు.

ఆ పద్దు ఇంకా కొట్టెయ్యలేదు.