చోడవరంలో చెవినపడే చెడ్డ సలహాలు

"ఏటవుద్దిరా బాబూ, టూరిస్టు వీసా మీద ఎక్కీ. అక్కడ దిగేక మార్చీసుకోవచ్చు."

విదేశం పోదామనుకునే కుర్రాడికి చోడవరంలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఈ సలహా అడక్కుండానే దొరుకుతుంది. చెప్పేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. మేనమామో, బావో, గల్ఫ్ నుంచి సెలవుకొచ్చిన పక్కవీధి అన్నో మేలు కోరే చెప్తారు. సలహా మాత్రం మనిషిని నిలువునా ముంచేస్తుంది. ఇలాంటి సలహాలు మన వైపు ఇంకా చాలా తిరుగుతున్నాయి. వాటిని ఎందుకు వినకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. 2022లో మనల్ని అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ ఇప్పటికీ అడిగితే విశాఖ జిల్లా అనే చెప్తాం. అందుకే విశాఖ పోలీసులు బయటపెట్టిన కేసే మొదట చూద్దాం.

2024 మే. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా వసూలు చేసి, ఏజెంట్లు మన ఉత్తరాంధ్ర కుర్రాళ్ళని బ్యాంకాక్ మీదుగా కంబోడియా పంపారు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కున్నారు. అక్కడ డేటా ఎంట్రీ లేదు. "మీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికింది" అని మనదేశంలోని వాళ్ళకే ఫోన్లు చేసి, భయపెట్టి డబ్బు గుంజడం వాళ్ళచేత చేయించిన పని. చెయ్యనన్నవాణ్ణి చీకటి గదిలో పెట్టేవారు, తిండి ఆపేసేవారు. మే 20న సిహనూక్‌విల్‌లో సుమారు మూడొందలమంది భారతీయులు తిరగబడ్డాక సంగతి లోకానికి తెలిసింది. తర్వాత మనవాళ్ళు విడతలు విడతలుగా విశాఖ విమానాశ్రయంలో దిగారు. అది అక్కడితో ఆగిందా అంటే లేదు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దులోని అలాంటి ముఠాల చెర నుంచి బయటపడ్డ ఐదొందలమందికి పైగా భారతీయుల్ని థాయ్‌లాండ్‌లోని మే సాట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకురావలసి వచ్చింది.

ఈ ముఠాలకి చిక్కింది చదువురానివాళ్ళు కాదు. ఇంగ్లీషు, కంప్యూటరు తెలిసిన డిగ్రీ కుర్రాళ్ళే వాళ్ళకి కావాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలన్న ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకి పనికి పోవాలంటే వాళ్ళు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ తనిఖీలో కంపెనీ పేరు, జీతం, కాంట్రాక్టు చూస్తారు. పది దాటినవాడికి అది లేదు. పైగా కంబోడియా ఆ 18 దేశాల్లోనే లేదు. అంటే చదువుకున్న కుర్రాడి కాగితాలు ఆ కుర్రాడూ ఇంట్లోవాళ్ళూ తప్ప చూసే నాథుడు ఉండడు.

ఇక ఆ మొదటి సలహా సంగతి. టూరిస్టు వీసా మీద దిగినవాడు ఆ దేశం దృష్టిలో పనివాడు కాడు. జీతం ఎగ్గొట్టారని లేబర్ ఆఫీసుకి పోతే, నువ్వసలు పనిలో ఎందుకున్నావని ముందు తననే నిలదీస్తారు. కాబట్టి విమానం ఎక్కకముందే పని వీసా చేతిలో ఉండాలి. అందులో రాసిన యజమాని పేరూ కాంట్రాక్టు మీది పేరూ ఒకటే అయి ఉండాలి. కాంట్రాక్టు ఒక పేరుతో, వీసా మరో పేరుతో ఉంటే అక్కడితో మానెయ్యండి. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోయింది.

"ఏజెంటు మనూరోడే, రసీదు అడిగితే బాగోదు." ఇది రెండో సలహా. తప్పకుండా అడగండి. 1983 నాటి వలస చట్టం ప్రకారం మనిషిని విదేశంలో పనికి పంపేవాడికి కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు ఈమైగ్రేట్ పోర్టల్లో కొట్టి చూస్తే అసలో నకిలీయో తెలిసిపోతుంది. రిజిస్ట్రేషన్ ఉన్న ఏజెంటు కూడా మీ దగ్గర సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. లక్ష, లక్షన్నర చేతిలో పెట్టమని, అదీ రసీదు లేకుండా అడిగేవాడు మీకు చుట్టమైనా సరే చట్టం వెలుపలి మనిషే. స్వయంభూ వినాయకుడికి కొబ్బరికాయ కొట్టి బయలుదేరండి, మంచిదే. కొట్టే ముందు ఆ నంబరు చూడండి.

"అప్పు చేసైనా ఎల్పో, మూడు నెల్లలో తీరిపోద్ది." మన వైపు కుటుంబాల్ని ఎక్కువగా కూల్చింది ఈ మాటేనని నా నమ్మకం. అందుకే లెక్క విప్పి చెప్తాను. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకి, ఇంటి డ్రైవర్లకి 2016లో పెట్టిన కనీస జీతం 60 దినార్లు. దినారు 280 రూపాయలు వేసుకున్నా 16,800. లక్షన్నర అప్పుకి నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి 4,500. మిగిలింది 12,300. అక్కడ ఫోను, సబ్బు, మందుమాకుకి రెండువేలు. ఇక్కడ అమ్మానాన్నలకి, పెళ్ళాంపిల్లలకి 7,500 పంపితే అసలుకి మిగిలేది 2,800. అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుంది కదా అని చూసినా ఈ అప్పు తీరడానికి ముప్పైరెండు, ముప్పైమూడు నెలలు పడుతుంది. కాంట్రాక్టు రెండేళ్ళే. మధ్యలో ఒక్క జ్వరం, ఒక్క పెళ్ళి, జీతం ఆలస్యమైన ఒక్క నెల వచ్చినా లెక్క తలకిందులైపోతుంది. గది, తిండి యజమానివే కాబట్టి అక్కడ ఖర్చు తక్కువనేది నిజమే. అయితే ఆ చవకని చేరుకోవడానికి పెట్టిన ఖర్చుని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. చెరకు రైతుకి పెట్టుబడి తీసేశాకే రాబడి అని ఎవరూ నేర్పనక్కర్లేదు. కొడుకుని విమానం ఎక్కించేటప్పుడు కూడా ఆ లెక్కే కట్టండి. ఏజెంటు చార్జీ ముప్పైవేలతో ఆగితే ఇదే జీతం మీద అప్పు ఐదారు నెలల్లో తీరుతుంది. అందుకే రసీదు గురించి అంత గట్టిగా చెప్పాను.

"ఆ దేశంలో దొంగతనాలే ఉండవు. చట్టం గట్టిది. ఇక్కడికంటే భద్రం." చట్టం గట్టిదే. అది మీ వైపు ఉందా లేదా అన్నది మీ వీసా చెప్తుంది. అకామా (అక్కడి నివాస అనుమతి) మీద ఉన్న యజమాని దగ్గరే పనిచేస్తున్నవాడికి వీధిలో పోలీసు కనిపిస్తే ధైర్యం. "ఆజాద్ వీసా" అని కొనుక్కుని, ఒక కఫీల్ (స్పాన్సరు యజమాని) పేరు మీద దిగి ఇంకోచోట పనిచేసేవాడికి అదే పోలీసు కనిపిస్తే గుండెదడ. ఆ పేరుతో ఏ దేశమూ వీసా ఇవ్వదు, అది అమ్ముకునేవాళ్ళు పెట్టిన పేరు. ఇక దొంగల భయం లేనంత మాత్రాన పడుకునే గది భద్రమని కాదు. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని నలభైమందికి పైగా భారతీయులు పోయారు. వాళ్ళలో ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. గదికి ఎంతమందిని పెడతారో, మెట్లదారి తెరిచి ఉంటుందో లేదో అక్కడ ముందే ఉంటున్నవాణ్ణి వీడియో కాల్‌లో చూపించమనడం నామోషీ కాదు. జీతం ఎంతని అడిగే నోటితో పడక ఎక్కడని కూడా అడగండి.

భద్రమైన దేశమంటూ శాశ్వతంగా ఏదీ ఉండదని ఉత్తరాంధ్రకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? మన ముత్తాతలు బర్మాలోని రంగూన్‌ని రంగం అనేవారు. విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల్లో ఓడలెక్కి రంగం పోయి, రేవు పనుల్లో, బియ్యం మిల్లుల్లో సంపాదించుకున్నారు. ఆ రోజుల్లో అంతకు మించిన చోటు లేదనుకున్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె కడితే కంపెనీలు బర్మీయుల్ని పనిలోకి దించాయి. సమ్మె తీరాక ఆ బర్మీయుల్ని పొమ్మన్నాయి. ఆ కోపం తెలుగువాళ్ళ మీద పడింది. వందమందికి పైగా చచ్చిపోయారు. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడ్డాక లక్షలమంది భారతీయులు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు, దారిలో వేలమంది రాలిపోయారు. మిగిలినవాళ్ళు మళ్ళీ నిలదొక్కుకుంటుండగా 1964లో అక్కడి నే విన్ ప్రభుత్వం దుకాణాల్ని జాతీయం చేసింది, పెద్దనోట్లు రద్దు చేసింది. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళ కోసం వెలిసినదే విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు. ఇప్పటికీ ఆ పేరే ఉంది. విశాఖ వెళ్ళినప్పుడు ఒకసారి ఆ వీధుల్లో నడిచి, పెద్దవాళ్ళుంటే కూర్చుని అడగండి. ఏ కన్సల్టెన్సీ చెప్పని సంగతులు అక్కడ తెలుస్తాయి.

అలా తిరిగొచ్చినవాళ్ళలో ఊళ్ళో చెక్క భూమో, ఇల్లో ఉంచుకున్నవాళ్ళు కాస్త తొందరగా తేరుకున్నారు. అందుకే "భూమి అమ్మీసి అందరూ ఎల్పోండి, ఈ ఊళ్ళో ఏటుంది" అనే సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ సలహా ఇచ్చేవాళ్ళకి తెలియని చట్టం ఒకటుంది. ఎన్నారై అయ్యాక మనదేశంలో ఇల్లు కొనుక్కోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు, వ్యవసాయ భూమి మాత్రం కొనడానికి లేదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అంటే తాత ఇచ్చిన చెరకు పొలం అమ్మి కెనడా పోయినవాడు, రేపు డాలర్లు సంపాదించినా అక్కడుండి దాన్ని తిరిగి కొనలేడు. పోనీ కెనడా చవకా? విద్యార్థి బతుకు ఖర్చుల కోసం తన దగ్గర ఉన్నట్టు చూపించాల్సిన సొమ్ము 2023 దాకా ఏడాదికి 10,000 డాలర్లు. 2024 జనవరి నుంచి 20,635 అయింది. 2025 సెప్టెంబరు నుంచి 22,895. బ్రిటన్ వృద్ధుల్ని చూసుకునే కేర్ వర్కర్ వీసా మీద 2024 మార్చి నుంచి కుటుంబాన్ని రానివ్వలేదు. 2025 జూలైలో విదేశాల నుంచి ఆ పనికి కొత్తవాళ్ళని తీసుకోవడమే ఆపేసింది. ఆ వీసాకి స్పాన్సర్‌షిప్ కొనిపెడతామని లక్షలు తీసుకున్నవాళ్ళు మన జిల్లాల్లోనూ ఉన్నారు. పొలం అమ్మిన కాగితం మీద సంతకం ఆరక ముందే అవతలి దేశం రూలు మారిపోతే అడగడానికి మనకి అక్కడ ఓటు కూడా లేదు.

"చవగ్గా డాక్టరు చదువు" గురించి క్లుప్తంగా. నీట్‌లో అర్హత లేకుండా పోతే తిరిగొచ్చాక ఆ డిగ్రీ చెల్లదు. 2021 నిబంధనల ప్రకారం చదువు ఇంగ్లీషులో, కనీసం 54 నెలలు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ కాలేజీలో జరగాలి. వచ్చాక ఇక్కడ పరీక్ష, ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ ఏళ్ళన్నీ, కోచింగ్ ఫీజులన్నీ కలిపి అప్పుడు చవకో కాదో చెప్పండి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన ఉక్రెయిన్‌లో, 2024 మేలో మూకలు హాస్టళ్ళ మీద పడ్డ కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌లో మన పిల్లలు గదుల్లో బిక్కుబిక్కుమంటూ గడిపిన రోజుల్ని కూడా ఆ లెక్కలో వెయ్యండి.

ఇక ఆడవాళ్ళకి చెప్పే సలహా: "పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంటేనే భద్రం, పోగొట్టుకోవు." కువైట్ సహా చాలా గల్ఫ్ దేశాల చట్టాల్లోనే యజమాని పాస్‌పోర్టు పట్టుకోకూడదని ఉంది. అయినా పట్టుకుంటారు. అమ్మా, ఇది నీ పొరపాటు కాదు. ఇవ్వనని గొడవపడే పరిస్థితి అక్కడ లేకపోవచ్చు. కానీ బయలుదేరే ముందు పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, కాంట్రాక్టు, బీమా కాగితం ఫొటోలు తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచు. బీమా అంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన. రెండేళ్ళకి 275 రూపాయలు కడితే పది లక్షల ప్రమాద బీమా. ఆ కాగితం ఇంట్లోవాళ్ళకి తెలియని చోట పెట్టకు.

చివరిది, బాధలో ఉన్నవాళ్ళకి చెప్పేది. "కఫీల్ కొడతన్నాడా? ఖల్లివెల్లి అయిపో, బయట పనిచేసుకో." ఖల్లివెల్లి అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోవడం. పారిపోయిన మరుక్షణం నుంచి కేసు మీ మీదకి తిరుగుతుంది, తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. కువైట్ 2018లో, 2020లో, 2024లో క్షమాభిక్ష ప్రకటించిన మాట నిజమే. దాని కోసం ఎన్నేళ్ళు దాక్కుంటారు? 2020 ఏప్రిల్‌లో పేరు రాయించుకున్న మనవాళ్ళు కరోనా వల్ల విమానాల్లేక వారాల తరబడి అక్కడి క్యాంపుల్లో పడి ఉన్నారు. పారిపోవాల్సే వస్తే భారత రాయబార కార్యాలయానికే పారిపోండి. కష్టంలో ఉన్నవాళ్ళకి నీడ, టికెట్టు, లాయరు ఖర్చుల కోసం 2009 నుంచి అక్కడ సంక్షేమ నిధి ఉంది. అక్కడిదాకా చేరలేకపోతే ఇక్కడ ఉన్న అన్నదమ్ములో, భర్తో విదేశాంగశాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టవచ్చు. దానికి అక్కరకొచ్చేవి పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, పనిచేసే చోటు అడ్రసు. ఈ మూడూ ఇంట్లో గోడ క్యాలెండరు వెనక ఈ రోజే రాసిపెట్టించండి.