నేను ఇంక్లైన్ హాలర్‌ని

గోదావరికి ఒక ఒడ్డున గోదావరిఖని, మరో ఒడ్డున శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి. ఒకప్పుడు ఇవి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు. 2016 నుంచి పెద్దపల్లి, మంచిర్యాల అంటున్నారు. ఆ సింగరేణి నేలలో ఇంక్లైన్, అంటే ఏటవాలు బాట ఉన్న ఒక బొగ్గుబాయి మొగదల కూర్చున్న హాలర్‌ని నేను. మోటారు, గేర్లు, ఉక్కు తాడు చుట్టుకున్న డ్రమ్ము, బ్రేకు: ఇదే నా ఒళ్లు.

నిండిన టబ్బులను పైకి లాగడం, ఖాళీవి కిందికి వదలడం నా రోజువారీ పని. టబ్బుకు ఇంచుమించు టన్ను బొగ్గు. అది నాకు అలవాటైన బరువే. గుబులు పుట్టేది యంత్రాలను దించేటప్పుడు. పైకెక్కే బరువును మోటారు లాగుతుంది, దిగే బరువును నిలిపేది మాత్రం బ్రేకే. ట్రాలీ మీద పంపో, ట్రాన్స్‌ఫార్మరో కట్టి ఏటవాలు బాటలోకి తోసినప్పుడు ఆ గుంజుడంతా నా డ్రమ్ము మీదే పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిపేది పంపునే. పని డిప్పు, అంటే పల్లం వైపు సాగేకొద్దీ ఊటనీళ్లు అక్కడికే చేరతాయి, పంపు కూడా వెంట దిగాలి. నీళ్లు నిండితే షిఫ్టు ఆగిపోతుంది కాబట్టి ఆ పని ఎప్పుడూ తొందరలోనే జరిగేది. నా తాడు అందేంతవరకు నేను దించేదాన్ని, ఆ తర్వాత లెవల్లోకి, అంటే అడ్డంగా సాగే బాటలోకి చేర్చేది మనుషుల భుజాలే. కింద దుంగలు వేసేవారు, గడ్డపారలతో ఎత్తేవారు, మోకు కట్టి గుంజేవారు. ‘జోర్ లగాకే’ అని ఒకరంటే ‘హైస్సా’ అని పదిమంది. తల ఎత్తితే కప్పు తగులుతుంది, కాలు వేస్తే బురద. దుంగ జారిందంటే వేళ్లు నలిగేవి.

‘పాతోళ్లు ఉక్కు మనుషులు, ఎంత బరువైనా లేపేటోళ్లు’ అని ఇప్పుడు పొగుడుతుంటారు. నేను ఒప్పుకోను. లేపక తప్పని స్థితిలో లేపారు. నడుములు పోగొట్టుకున్నవాళ్లు ముందే పని మానుకున్నారు, మెడికల్ అన్‌ఫిట్ అయ్యారు. ఆ పొగడ్తలో వాళ్ల లెక్క లేదు.

ఒక రెండో షిఫ్టులో డ్రాబార్ పిన్ను విరిగి, పంపు కట్టిన ట్రాలీ బాట వెంట కిందికి దూసుకెళ్లింది. నా తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. అలా తేలికవడమంత భయంకరమైనది నాకు మరొకటి లేదు. కింద ఉన్న ట్రామర్, టబ్బులు తోసే మనిషి, గోడలోని గూటిలోకి దూకాడు. ప్రాణం దక్కింది, కాలు దక్కలేదు.

ఆ గూడు ఊరికే రాలేదు. హాలేజీ బాటలో మనిషి తప్పుకోవడానికి మ్యాన్‌హోళ్లు ఉండాలని 1957 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్లు ఆదేశించాయి. బాట మొదట స్టాప్‌బ్లాక్, తప్పించుకున్న టబ్బును పక్కకు మళ్లించే రన్‌అవే స్విచ్, ఎక్కే టబ్బుల వెనక బ్యాక్‌స్టే కూడా ఆ కోవలోవే. ఎక్కడో ఎవరో దెబ్బతిన్న తర్వాతే ఇలాంటి రూలు పుడుతుంది. 2017లో వచ్చిన కొత్త రెగ్యులేషన్లు ఇంకో అడుగు ముందుకేశాయి. పనిలో ఏ ప్రమాదం ఉందో ముందే అంచనా వేసి, దాన్ని అదుపు చేసే ప్లాను రాసుకోవాలన్నాయి. ఇప్పుడు నా దగ్గరికి యంత్రం వస్తే ముందు దాని బరువెంత, తాడు మోయగలదా, పిన్ను సరిగ్గా ఉందా అని చూస్తారు. ఎత్తడానికి చైన్‌బ్లాక్, చేతులకు గ్లౌజులు, కింద బాటలో మనుషులు లేరని కబురు. ఇదంతా అయ్యాకే నన్ను కదలమని గంట.

రూలుతోనే మారనిది కూడా ఒకటి చూశాను. షిఫ్టు దిగినవాళ్లు నిండు టబ్బుల మీద ఎక్కి పైకి వచ్చేవారు. అది నిషేధమని అందరికీ తెలుసు. ఎనిమిది గంటలు తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టిన ఒంటికి ఆ ఏటవాలు ఎక్కడం ఎంత కష్టమో నాకూ తెలుసు. మ్యాన్‌రైడింగ్ కుర్చీలు పెట్టిన బాయిల్లో ఆ అవసరమే పోయింది. అలసిన మనిషికి దారి చూపించిన తర్వాతే నిషేధానికి బలం వస్తుందని నా నమ్మకం.

అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పదుల టన్నుల యంత్రాలను భుజం తగలకుండా లోపలికి చేరుస్తున్నారు. నాలాంటి హాలర్ల అవసరం తగ్గుతోంది, నాకు దిగులు లేదు. తొందర మాత్రం తగ్గలేదు. ‘గీ ఒక్క ట్రిప్పే గద, కానియ్’ అనే మాట నాకు ఇంకా వినబడుతూనే ఉంది.

బిడ్డలారా, నడుస్తున్న నాకు ఒక్క గంట కొడితే ఆగాలని అర్థం. అది కొట్టడానికి పని చూసే ఓవర్‌మ్యాన్ కానక్కర్లేదు. అనుమానం వస్తే కొట్టండి. బొగ్గు ఎందుకు ఆపావని అడిగేవాళ్లను అడగనివ్వండి.