ఈస్టర్ బిస్కెట్ల అచ్చు చెప్పుకున్న కథ

ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ ప్రాంతంలో, ఒక పాత ఇంటి వంటగది సొరుగులో, రేకు అచ్చు ఒకటి ఉంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి చట్రం, చుట్టూ వంకులు తిరిగిన అంచు. అడిగితే చాలు, తన బతుకంతా చెప్పుకుంటుంది.

పుట్టుక గురించి దానికి పెద్దగా పట్టింపు లేదు. పల్చటి ఉక్కు రేకు, దానిమీద తగరం పూత, అంతే. చెప్పదగ్గది తన పనే అంటుంది. ఒకప్పుడు ఈస్టర్‌కు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజుల్లో అక్కడి క్రైస్తవులు వెన్న, గుడ్లు ముట్టేవారు కాదు. పండగ వంటల్లో అవి దండిగా పడటానికి అదొక కారణం. వెన్న, పంచదార బాగా గిలకొట్టి, గుడ్డు పచ్చసొన, మైదా, మసాలా పొడి, మురబ్బా చేసిన నారింజ తొక్క ముక్కలు, గింజల్లేని చిన్న నల్ల ఎండుద్రాక్ష కలిపి పిండిని పల్చగా ఒత్తేవారు. అసలు కష్టం అప్పుడే మొదలు. అంచుకు ఎండుద్రాక్ష అడ్డం పడితే, పదును లేని అచ్చు దాన్ని ఈడ్చుకుపోయి పిండిని చింపేస్తుంది. తాను ఒక్క నొక్కుతో పండునూ పిండినీ కలిపి కోసేదాన్నని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. పదినిమిషాలు కాలాక పైన తెల్లసొన రాసి, పంచదార చల్లి, మళ్లీ ఓవెన్‌లోకి పంపేవారు.

ఆ ప్రాంతం వాళ్లు పిండిలో కాసియా నూనె కూడా చుక్కలుగా వేస్తారు. కాసియా అంటే తెలుగు బైబిల్లోని లవంగిపట్ట. క్రీస్తు దేహానికి పూసిన ద్రవ్యాల్లో అదీ ఉందని అక్కడివారి నమ్మకం. యోహాను సువార్తలో కనిపించేవి బోళం, అగరు మాత్రమే. అయినా ఆ వాసన వస్తేనే అచ్చుకు పండగ.

1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్నకూ పంచదారకూ రేషన్ వచ్చింది. అచ్చు ఎక్కువగా సొరుగులోనే గడిపిన ఏళ్లవి. పంచదార 1953లో, వెన్న 1954 మేలో రేషన్ నుంచి బయటపడ్డాయి. మరుసటి ఈస్టర్ 1955 ఏప్రిల్ 10న వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ వెన్న కొలవకుండా వేసిన రోజని అచ్చు మురిసిపోతుంది.

ఆవిడ పోయాక రోజులు మారాయి. ప్యాకెట్ బిస్కెట్లు చవగ్గా దొరుకుతున్నాయి, ఏడాదికొక్క వారం పనిచేసే అచ్చు ఎవరికి గుర్తుంటుంది? గుర్తొచ్చినా మంచి జరగలేదు. ఒక ఈస్టర్‌కి వాడి, రాత్రంతా సింకు నీళ్లలో వదిలేశారు. తగరం అరిగిన చోట తడి తగిలితే లోపలి ఉక్కు తుప్పు పట్టక మానదు. వంకుల మధ్య ఎర్రటి మచ్చలు లేచాయి. తోమలేదు, తుడవలేదు. పాత సామాన్ల పెట్టెలోకి విసిరేశారు. విరిగిన గరిటెలు, మూతలేని డబ్బాల మధ్య ఎన్నో పండగలు దాటిపోయాయి. చివరికి ఆ ఇంటి మనవరాలు పెట్టె తెరిచి, దాన్ని శుభ్రంచేసి మళ్లీ సొరుగులో పెట్టింది.

అచ్చుకు కోపం ఇంకా తగ్గలేదు. వాడేవాళ్లను అది అడిగేది ఒక్కటే: కడగ్గానే తుడవండి, బిస్కెట్లు తీశాక వేడి తగ్గుతున్న ఓవెన్‌లో కాసేపు ఉంచి, పూర్తిగా ఆరాకే సొరుగులో పెట్టండి.