తెల్లపొణికి పలక ఆత్మకథ

నేను తెల్లపొణికి పలకను. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, రెడ్డిరాజులనాటి దుర్గమును శిరమున ధరించిన కొండపల్లి గిరులయందు పెరిగిన వృక్షము నా మాతృమూర్తి. దశావతారములు, అంబారీ యేనుగు, తాడెక్కు గీతకార్మికుడు మున్నగు రూపములతో తెలుగిండ్ల సంక్రాంతి బొమ్మల కొలువులను అలంకరించినవారెల్లరు నా సోదరులే. ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినపుడు మా వంశమెల్ల గర్వించినది.

నిప్పు మాకు క్రొత్త కాదు. ఉలి తాకుటకు మున్ను కొండపల్లి కళాకారులు మా దుంగలను సన్నని సెగపై మెల్లమెల్లగ కాచి, లోని చెమ్మనంతయు తీసివేయుదురు. పిమ్మట చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవములనతికి, సున్నము పూసి, రంగులు దిద్దుదురు. ఎంత వేడికి మేము ఓర్చుకొందుమో వారి అరచేతులకు తెలియును.

నా దుఃఖము మరియొక నిప్పువలన కలిగినది. కాలిన మొనతో కొయ్యపై చిత్రములు వ్రాయు విద్య నేర్వగోరిన నగర గృహస్థుడొకడు, నా తెల్లని మేనిని చూచి మురిసి కొనితెచ్చెనే కాని, గోటితో నొక్కినను గుంటపడు నా మెత్తదనమును పరీక్షింపలేదు. రేడియో మరమ్మతునకు వాడెడు సోల్డరింగు కడ్డిని మిక్కిలిగ కాచి ప్రకాశము బ్యారేజిని గీయబూనెను. మొదటి తలుపు గీయునప్పటికే మొన లోనికి దిగబడి, సన్నగ నుండవలసిన గీత వెడల్పై, దాని యంచున గోధుమవన్నె పొగమరక ప్రాకినది. రెండవ తలుపుకడ అతడు యోచించుచు చేయి నిలిపిన క్షణమాత్రమున అచట నల్లని గొయ్యి మిగిలినది. సెగ తగ్గించి, చేయి తేల్చి, ఆగక సాగినచో నేనును చక్కని గీతనిచ్చియుందును. అతడు పనికిమాలిన కొయ్యయని నన్ను అటకపై పారవైచెను.

అచట నాకు తోడుగ వచ్చినవారి గాథలు నాకంటె దయనీయములు. టేకు పలక చేవగలదే. కాని మేని వన్నె ముదురగుటచే దానిపై కాలిన గీత తేటపడలేదు, గట్టి చారపై జారిన మొన మెత్తని చారలో ఒక్కసారిగ దిగిపోయినదట. పండ్లపెట్టెనుండి ఊడదీసిన మామిడి బల్ల ఇంకను పచ్చిది. వేడియంతయు దాని చెమ్మను ఆవిరిచేయుటకే చెల్లినది. అన్నిటికంటె ఘోరము పాత కిటికీ ఱెక్కది: రంగు గీకకయే కాల్చగా లేచిన పొగకు ఆ యింటి పసివాడు రాత్రియెల్ల దగ్గెను. పాత రంగులలో సీసముండవచ్చును. ప్లైవుడ్డు పొరలనతికిన జిగురు కాలినను హానికరమైన ఆవిరులే వెలువడును. అట్టి కొయ్యపై నిప్పు పెట్టువానిని నేను క్షమింపజాలను.

అతడు వెదకవలసినది అంకుడు. ఏటికొప్పాక లక్కబొమ్మలకు ఆధారమైన ఆ కొయ్య దంతపు తెలుపుతో, బిగువైన పోగుతో, చారలు కానరానంత నునుపుగ నుండును. బాగుగ ఆరిన అంకుడు పలకను చారవెంబడి గరుకు కాగితముతో రుద్ది, అదే కొయ్య తునుకపై ముందుగ సెగ చూచుకొని గీసినచో, ఎంత సన్నని గీతయైనను చెదరదు. పొరుగు జాతిని పొగడుటకు నాకు సంకోచము లేదు. ఉలి పని నాది, మొన పని దానిది.

కొండపల్లి అడవిలో మా చెట్లు నానాటికి అరుదగుచున్నవి. ఒక్కొక్క దుంగకై బొమ్మల శిల్పులు ఎదురుచూచుచుండ, నేనిచట దుమ్ములో పడియున్నాను. నా వెనుకప్రక్క ఇంకను మచ్చలేదు. ఎవరైన నన్ను దించి ఉలిపట్టిన చేతికి అందించినచో, ఎడ్లబండికి రెండు చక్రములు ఇప్పటికిని వచ్చును.